మూడోనాటి ఉప్పు

సీతారావమ్మకు జాడీల గది తాళం చేతికొచ్చిన ఏడాదే నాలుక మొరాయించింది. దేవుడికి కూడా ఎకసెక్కాలు తక్కువేం కాదు.

ముదిగొండ పక్క పల్లెలో వాళ్లది పెద్ద సేద్యం. అత్తగారు సుబ్బరత్నం, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. నెలనెలా బయట చేరే ఆడది జాడీల గది గడప తొక్కితే ఆవకాయ బూజు పడుతుందని ఆ ఇంటి నమ్మకం. నమ్మకమేమిటి, చట్టం. పాతికేళ్లపాటు పెద్దకోడలు సీతారావమ్మ కాయలు తుడిచింది, కారం జల్లించింది, ఆవాలు ఎండబోసింది. కలపడం మాత్రం ముసలావిడ చేతుల మీదుగానే జరిగేది. పంతొమ్మిది వందల ఎనభై ఆరు ఎండాకాలంలో, కోడలికి ముట్లు ఆగి ఏడాది దాటిందని నమ్మకం కుదిరాక, బొడ్లోంచి తాళం తీసి ఇచ్చింది. "ఇంక నీకు అడ్డం లేదు. ఈ యేటి ఆవకాయ నీదే," అన్నది.

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకుందో సీతారావమ్మకే తెలుసు. కానీ నోటి మంట అప్పటికే మొదలై మూడు నెలలు. వేడి వేడి అన్నం గబుక్కున మింగితే కాలినట్టు నాలుక చివర, పెదవుల లోపల ఒకటే మంట. అద్దంలో చూసుకుంటే పుండు లేదు, పొక్కు లేదు. పొద్దున్నే కాస్త నయంగా ఉండి పొద్దుగూకేసరికి ముదిరేది. ఏం తిన్నా చిలుము పట్టిన ఇత్తడి చెంచా చప్పరించినట్టే ఉండేది. మజ్జిగ పుక్కిట పట్టింది, నెయ్యి రాసింది, కారం మానేసింది. ఏదీ పనిచేయలేదు.

చివరికి పంటినొప్పని అబద్ధం చెప్పి ఖమ్మంలో లేడీ డాక్టరు దగ్గరికి పోయింది. ఆవిడ నోరు చూసి, రక్తం పరీక్ష చేయించి, వయసడిగి, ముట్లు ఎప్పుడాగాయో అడిగింది. ఆ వయసులో కొందరికి ఇలాగే నోరు మండుతుందనీ, రుచి మారుతుందనీ, ఒంట్లో వేడి గురించయితే అందరూ చెప్పుకుంటారు గానీ దీని గురించి ఎవరూ నోరు విప్పరనీ చెప్పింది. కొన్నాళ్లకు తగ్గవచ్చంది. ఎన్నాళ్లకో మాత్రం చెప్పలేనంది. బస్సులో తిరిగొస్తుంటే సీతారావమ్మకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ గది బయట నిలబెట్టిన ఒళ్లే, తీరా లోపలికి పోనిచ్చే వేళకు ఈ దెబ్బ కొట్టింది.

ఆ సంగతి ఒక్కరికే చెప్పుకుంది. చిన్నకోడలు పద్మావతమ్మకు. తోడికోడలన్న మాటే గానీ చెల్లెలే. రెండు కాన్పులకూ సీతారావమ్మే నీళ్లు పోసింది, పిల్లలిద్దరికీ తనే నూనె అంటి కాళ్ల మీద పడుకోబెట్టుకుంది. పద్మ అంతా విని కళ్లనీళ్లు పెట్టుకుని, పిల్లల మీద ఒట్టేసి ఎవరికీ చెప్పనంది. ఉప్పు తను చూసి చెప్తానంది.

ఆ ఇంట్లో మొదటిరోజు ఉప్పు తగ్గించే వేస్తారు. మూడోనాడు ఆవకాయ తిరగకలిపి, నోట్లో వేసుకుని చూసి, చాలనంత అప్పుడు కలుపుతారు. ఆ మూడోనాడు సీతారావమ్మ మోచేతుల దాకా కారంతో బేసిన్ల ముందు కూర్చుంది. పద్మకు లోపలికి వచ్చే వీల్లేదు. అత్తయ్య వస్తుందేమో కనిపెట్టి చూస్తూ గడప బయటే నిలబడి చెయ్యి చాపింది. సీతారావమ్మ ఒక ముక్క పెట్టింది. పద్మ అటు తిరిగి, కాసేపాగి, "సరిపోయింది అక్కా. ఇంక అక్కర్లే," అన్నది. సీతారావమ్మ ఇంకేం కలపకుండా జాడీలకు వాసెన కట్టింది.

ఆషాఢంలో మధిర నుంచి ఆడబిడ్డ, తనకు పంపిన జాడీని వెనక్కి పంపింది. మూత తీస్తే బొటనవేలు మందాన తెల్లటి బూజు. గదిలోవన్నీ తీసి చూశారు. ఒక్కటి బాగాలేదు.

సుబ్బరత్నం నడవాలో కూలబడింది. "ముట్టు దాచిపెట్టి గదిలోకి పోయినవా? ఆగిపోయిందని నాతో అబద్ధమాడి తాళం తీసుకున్నవా?" అని అందరి ముందూ అడిగింది. మరిది తల వంచుకున్నాడు. పెనిమిటి వెంకటప్పయ్య చుట్ట ఆర్పి పెళ్లాం మొహంలోకి చూశాడు. ఆ చూపుకు సీతారావమ్మ చచ్చిపోయినంత పనైంది. ముట్టు కాదు, ఉప్పు చాలలేదేమో, పద్మే చూసి చెప్పిందని అన్నది.

పద్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నేను ఉప్పు చూడలేదు అత్తయ్యా," అన్నది. అంతటితో ఆగినా బాగుండేది. "అక్కకే నాలుక మీద రుచి చచ్చిపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నది."

తాళం మళ్లీ ముసలావిడ బొడ్లోకి పోయింది. ఆ రోజు నుంచి సీతారావమ్మ వండిన ప్రతి కూరా పద్మ రుచి చూశాకే విస్తట్లోకి వచ్చేది. వీధిలో ఆడవాళ్లు నాలుక చాపమని అడిగి మరీ చూశారు. రుచి తెలియని ఆడది వంటింట్లో ఎందుకని వెంకటప్పయ్య రచ్చబండ దగ్గర నవ్వులాటకు అన్నాడట. సీతారావమ్మ అన్నీ మింగింది. పద్మ అబద్ధాన్ని మాత్రం మింగలేకపోయింది. ఎందుకాడిందో ఎంత కొట్టుకున్నా అంతుపట్టలేదు.

శ్రావణంలో పద్మ బయట చేరింది. అలా కూర్చున్నదానికి ముట్లుడిగిన ఆడదే అన్నం పెట్టాలి గనక ఏడాదిన్నరగా ఆ పని సీతారావమ్మదే. దొడ్డి వసారాలో విస్తరి వేసి అన్నం వడ్డిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది. వైశాఖంలో, ఆవకాయ పెట్టే రోజుల్లో, పద్మ బయట కూర్చోకపోతే, కారం చేతులతో ఈ చాకిరి తప్పిందని సంతోషించడం గుర్తొచ్చింది.

"వైశాఖంలో నీకు అన్నం ఎవరు పెట్టిన్రు పద్మా?"

పద్మ కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసింది. అప్పుడు చెప్పింది. ఆ మూడోనాటి పొద్దున్నే బయట చేరిందట. కూర్చుంటే అక్కకు ఉప్పు చూసేవాళ్లుండరని దాచిపెట్టిందట. తీరా ముక్క చేతికొచ్చాక, అంటుతో నోట పెడితే జాడీలన్నీ పాడైతయేమోనని భయమేసి గోడవతల పారేసిందట. "నిజంగనే చూడలేదక్కా. అత్తయ్యకు అబద్ధం చెప్పలే."

"నాకు చెప్తే ఆపేదాన్ని కద. నాలుగు రోజులు ఆగితే ఏం మునిగేది?"

"భయమైంది అక్కా."

"నాకు కాలేదా? నీ ముట్టు దాచుకోనీకి నా నోరు వీధిలో పెట్టినవ్."

పద్మ ఏడ్చింది. అత్తయ్యకు చెప్తావా అని అడిగింది. లోపల ముసలావిడ దగ్గు వినబడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు.

"చెప్పను. అత్తయ్య నాలుగు రోజులు తిట్టి మర్చిపోతది. నేను మర్చిపోను. ఉప్పులు నువ్వే చూసుకో, వంటిల్లు నువ్వే ఏలుకో. నన్ను మాత్రం ఇంక అక్కా అని పిలువకు."

"మరి ఏమని పిలవాలె?" అన్నది పద్మ, చిన్నపిల్ల అడిగినట్టు.

సీతారావమ్మ చెయ్యి తగలకుండా ఎత్తు నుంచి మజ్జిగ పోసి, ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి పోయింది.