ఇత్తడిలో చూసుకున్నవాడు

తలుపు గుబ్బకు పొడి రాసి, పాత చొక్కా పేలికతో గుండ్రంగా రుద్దుతున్నాడు మెరుగులాయన. ఆయన రుద్దిన పళ్ళెం చూసి చంద్రుడు సిగ్గుపడి రెండు రాత్రులు మబ్బు చాటునే ఉండిపోయాడని వీధిలో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది ఆయనే అనుకోండి. వేలి చెమట తగిలితే ఇత్తడి నల్లబడుతుందని, మెరిసిన చోట పేలిక లేకుండా పట్టుకోడు. కొట్టులో అద్దం లేదు. "ఇంత ఇత్తడుండగా అద్దమెందుకు, దండగ!" అని ఏ చెంబులోనో చూసుకుని తల దువ్వుకుంటాడు.

ఆ చెంబుల్లో అప్పుడప్పుడు వాళ్ళమ్మ కనబడేది. కూర్చున్న పీట ఆవిడదే. ఆవిడా ఇక్కడే రుద్దుతూ రుద్దుతూ, కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి పోయింది. ఆ కాలేయపు జబ్బు కనేటప్పుడే కొడుక్కి అంటింది. "సంతకం లేకుండా వచ్చిన ఆస్తి" అని నవ్వేవాడు.

డాక్టరమ్మ ఆయనకు తెలిసేలాగే చెప్పింది. "క్రిమి మీ కాలేయంలో ఇంటి దొంగలా దాక్కుంది. ఒంట్లో కాపలావాళ్ళు ఏళ్ళ తరబడి తరిమి తరిమి అలిసిపోయి కునుకుతున్నారు. ఈ మాత్ర దొంగను గదిలో పెట్టి గొళ్ళెం వేస్తుంది. మానేశారంటే వాడు బయటికొస్తాడు, కాపలావాళ్ళు ఒక్కసారే లేస్తారు. ఇల్లు తగలబెట్టేది దొంగ కాదండీ, వాళ్ళే. ఎలుకల మీద కోపంతో కొంపకు నిప్పెట్టుకున్నట్టు."

ఏళ్ళపాటు మింగాడు. దొంగ చప్పుడే లేదు. చప్పుడు లేని దొంగకు గొళ్ళెమెందుకని వేసవి మొదట్లో మానేశాడు. భార్యకు చెప్పలేదు.

పక్క కొట్టు గడియారాలాయన టీ పట్టుకొచ్చాడు.

"ఏంటి బావా, కళ్ళక్కూడా మెరుగు పెట్టావా? పచ్చగా ఉన్నాయి!"

మెరుగులాయన గుబ్బలో చూసుకున్నాడు. కళ్ళు పచ్చగానే ఉన్నాయి. గడియారాలాయన పళ్ళూ పచ్చగానే ఉన్నాయి, వెనక గోడా అంతే. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు. ఇత్తడిలో చూసుకునేవాడికి కామెర్లే కనబడవు.

"ముందు నీ పళ్ళ సంగతి చూసుకో బావా."

టీ వాసనకే కడుపులో తిప్పింది. బావ అటు తిరగగానే కాలవలో పారబోశాడు.

మధ్యాహ్నం భోజనం తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమయ్యా, ఇటు తిరుగు."

"తిరిగితే ఏముందే, పెళ్ళినాటి మొహమే."

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకోకేం."

ఆమె సంచిలోంచి చేతద్దం తీసి ఆయన ముందు పెట్టింది. "నీ ఇత్తడి నీకు తగ్గట్టే కూస్తుంది. ఇందులో చూడు."

అద్దంలో అమ్మ కళ్ళు. చటుక్కున వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. చేతిలోంచి పేలిక జారింది. ఉత్త చెయ్యి గుబ్బను బిగించి పట్టుకుంది.

"మానేశానే," అన్నాడు.

"ఎప్పుడు?"

"బాగున్నప్పుడు."

ఆసుపత్రిలో మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. కానీ నిప్పు అప్పటికే కప్పు దాకా పాకింది. మాట తడబడింది. భార్యను పట్టుకుని "అమ్మా, ఆ పొడి ఇటందుకో" అన్నాడు. ఆమె ఉత్త చెయ్యే అందించింది. దుప్పటి అంచును గుండ్రంగా రుద్దుతూ, రుద్దుతూ, ఒక సాయంత్రం ఆ వేళ్ళు ఆగాయి. నిద్ర పట్టిందనుకుని ఆమె దుప్పటి సర్దింది.

దినాలయ్యాక ఆమె కొట్టు తెరిచి, పీట పక్కన పడిన పేలిక తీసి దులిపి, గుబ్బ తుడవబోయింది. తుడవలేదు. సగం మెరిసిన గుబ్బ బల్ల మీదే ఉంది. మెరిసిన వైపు ఆయన బొటనవేలి ముద్ర, గీత గీతా కనబడేలా, రోజురోజుకీ నల్లబడుతోంది.