మగ్గమెక్కిన కత్తెర

మా కొత్తవాడలో జంపఖానాలు నేసేటప్పుడు మొగుడూ పెళ్ళాం మగ్గం ముందు పక్కపక్కనే కూర్చుంటారు. ఎదురుగా బిగించిన పడుగు, ఒళ్ళో రంగుల నూలు, చేతిలో పంజా. ఇనుప పళ్ళున్న ఆ పంజాతోనే దారాన్ని కిందికి కొట్టి బిగిస్తాం. ఎనభై ఏడులో ఒక మధ్యాహ్నం నేను దారం కొస కొరకడానికి వంగాను. సరిగ్గా అప్పుడే మా ఆయన గౌస్ పాషా పంజా ఎత్తాడు. నా పై దవడ ముందు పన్ను ఎర్రనూలులో పడింది.

నొప్పి నాలుగు రోజులకు తగ్గింది. తగ్గనిది ఆయన మౌనం. పనికి కావలసిన మాట తప్ప మరో మాట లేదు, నా మొహం వైపు చూపే లేదు. నేను నవ్వబోయి కొంగు అడ్డం పెట్టుకుంటే ఆయన తల ఇంకా దించేసేవాడు. అంతకుముందు కూర్చున్నంతసేపూ నన్ను ఉడికించే మనిషి. నాకు పన్ను కంటే ఆ మనిషి కావాలి. పన్నొస్తే ఆయనా వస్తాడనుకున్నాను.

హనుమకొండలో డాక్టర్ పాండురంగం బొంబాయి పోయి కొత్త విద్య నేర్చుకొచ్చాడు. ఎముకలో మేకులాంటి చిన్న మర బిగించి, ఎముక దాన్ని పట్టుకున్నాక పైన పన్ను కూర్చోబెడతాడట. నా చేతికి అద్దమిచ్చి చెప్పాడు.

“చూడమ్మా, దవడ పండ్ల మీద బరువు నిటారుగ పడ్తది. ఈ ముందు పండ్లను కింది పండ్లు లోపట్నుంచి ఏటవాలుగ బయటికి నూకుతయ్. ముందటి ఎముకేమో అప్పడమంత పల్చన. సొంత పన్నుకు చుట్టు మెత్తటి పొర ఉంటది, జర ఒదుగుతది. మరకు ఆ పొర లేదు. ఎముక పట్టుకునేదాంక అది కదలొద్దు.”

“బర్రెను కట్టే గుంజ తీరు గద సాబ్. పాతంగనే కడ్తె ఊడొస్తది.”

“అంతే! నీ బర్రె ఏందంటే దారం. ఏ పంటితోని గూడ కొరకొద్దు. పన్ను పెట్టినంక గూడ కొరకొద్దు.”

మర చిగురు కింద దాక్కుంది. ఆ ఎండాకాలమంతా నాకు కునుకులోనే గడిచిందనిపిస్తుంది. గాలిలో దూది తేలుతుంటే మగ్గం ముందే కళ్ళు మూతలు పడేవి. అప్పుడు నా నోట్లో పడుగు పరుచుకునేది. ఎముక సన్నని తెల్ల దారాలు తీసి మర చుట్టూ నేస్తూ ఉండేది. పంజా చప్పుడు ఉండేది కాదు. ఆ నేత వెనకనుంచి గౌస్ పాషా ఏదో చెప్తూ నవ్వేవాడు, మాటలు మాత్రం తెలిసేవి కావు. ఒక్కోసారి కలలోనే దారం కొరికేదాన్ని, మర ఊడి ఒళ్ళో పడేది. పై పన్ను రాలినట్టు కలొస్తే ఇంటికి కీడంటారు. ఉలిక్కిపడి నాలుకతో తడుముకుంటే చిగురు నున్నగానే ఉండేది.

మా ఇళ్ళలో మగ్గం మీదికి కత్తెర రానివ్వరు. చెయ్యి జారితే పడుగు తెగుతుందని భయం. మా అత్త గులాబ్ బీ చెప్పే కారణం వేరు. “కత్తెర మగ్గమెక్కితె మొగడు పెండ్లాం కొట్లాడ్తరు,” అంటుంది. అందుకని దారాలన్నీ తెంపకుండా వదిలేశాను. నా వైపు జంపఖానా మేక గడ్డంలా వేలాడింది. అయినా ఆయన నోరు విప్పడే! ఒకరోజు నాకు కోపం నషాళానికంటింది. కొట్లాటయితే కానీ, కొట్లాటలో మాటలైనా ఉంటాయి కదా అనుకున్నాను. కత్తెర తెచ్చి పడుగు ముందు ఊరికే కటకటలాడించాను.

“హాయ్ అల్లా! వద్దు బిడ్డా, కొంప ఆగమైతది!” గుమ్మంలోంచి అత్త కేకేసింది.

గౌస్ పాషా కత్తెర నా చేతిలోంచి తీసుకుని వెనక పెట్టాడు. నా వైపు వంగి, వేలాడుతున్న దారాన్ని తన పంటితో కొరికాడు. తర్వాత ఇంకోదాన్ని. ఆయన కనుబొమల మీది దూది నాకు అంత దగ్గరగా కనబడి ఎన్నాళ్ళయిందో! ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆనాటి నుంచి నేను కొస పట్టుకుంటే ఆయన వంగి కొరికేవాడు. చూపు మాత్రం దారం మీదే.

చలికాలంలో డాక్టర్ పన్ను కూర్చోబెట్టాడు. కొరికి చూస్తే ఆ పంటికేమీ తెలియడం లేదు. కొత్త చుట్టంలా బిగుసుకుని కూర్చుంది. ఇంటికొచ్చి మగ్గం ముందు చేరి, కొంగు తీసి నవ్వాను. ఆయన తలెత్తలేదు. పన్నొస్తే మనిషొస్తాడనుకున్న నా తెలివి మండిపోను! ఆ ఉక్రోషంలో పాత అలవాటు కొద్దీ దారం కొస నోటికి పోయింది.

గభాలున ఆయన అరచెయ్యి నా పెదాల మీద పడింది.

“పిచ్చి లేసిందా ఏంది? డాక్టర్ ఏం జెప్పిండు నీకు? మల్ల ఊడగొట్టుకుంటవా?” నా కళ్ళలోకే చూస్తూ అరిచాడు.

“మొదలు ఊడగొట్టిందెవరు?” చెయ్యి తోసేసి నేనూ అరిచాను.

“నేనే. నేనే గొట్టిన. నీ మొఖం జూస్తె నాకు ఆ పంజానే కనబడ్తాంది. ఎట్ల జూడాలె జాహెదా?”

“ఇట్లనే! తిట్టుకుంట అయినా సరే, ఇట్లనే చూడు!”

ఇక మొదలైంది. ఇన్నాళ్ళూ మాట్లాడనిది నువ్వంటే నువ్వని వాడంతా వినబడేలా అరుచుకున్నాం. పొయ్యి మీద రొట్టె మాడింది. “చెప్పిన గద, కత్తెర మగ్గమెక్కొద్దని!” అంటూ అత్త బోసినోటితో పకపకా నవ్వింది. నేనూ నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకోలేదు.

దారం కొస ఇంకా నా చేతిలోనే ఉంది. ఆయన వైపు చాపాను. తిట్టడం ఆపి, వంగి కొరికి, మళ్ళీ తిట్టడం మొదలుపెట్టాడు.