పూజలో కూర్చున్న ఫైర్‌వాల్

ఆడిటర్ రాకముందే చారులతకు ఒళ్లు పులిసిపోయింది. తమిళ ప్రాంతంలోని సూలూరు దగ్గర వాళ్ల వర్క్‌షాపులో విమానాలకు వెళ్లే చిన్న చిన్న భాగాలు తయారవుతాయి. డ్రాయింగులిచ్చే పెద్ద కంపెనీ, మీ కంప్యూటర్లకు గట్టి కాపలా ఉందని రుజువు చూపిస్తేనే ఇకమీదట పని అని తేల్చేసింది. ఆ రుజువు కూడగట్టే బరువు ఇంటి కోడలి నెత్తిన పడింది. ఏడాదిగా ఆమె పాస్‌వర్డులు మార్పించింది, పెన్‌డ్రైవులు లాక్కుంది, లేత్ మిషను నడిపే ముని మొదలు ఊడ్చే నాగమ్మాళ్ దాకా అందరినీ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. చెప్పీ చెప్పీ గొంతు పోయింది. మొగుడు శరత్‌కుమార్ మాత్రం అన్నిటికీ "అయితాది లే" అనేవాడు. ఎవరో ఒకరు చేసిపెడుతుంటే అవక ఏం చేస్తాయి?

ఆ రుజువులు తనిఖీ చేయడానికి వచ్చిన ఆడిటర్ బాలాజి నెమ్మదస్తుడు, తమిళంలోనే మాట్లాడాడు. ఫైర్‌వాల్ పెట్టె రికార్డులు చూపించమన్నాడు. బయటి ఇంటర్నెట్‌కూ లోపలి కంప్యూటర్లకూ నడుమ కూర్చుని, వచ్చేపోయే ప్రతిదాన్నీ ఆపి చూసే పెట్టె అది. ఆయుధపూజ సాయంత్రం నుంచి మర్నాటి దాకా అందులో ఒక్క ముక్క లేదు. ఆ సమయమంతా డ్రాయింగులున్న కంప్యూటరు మాత్రం ఇంటర్నెట్‌లోనే ఉంది. ఎలాగని అడిగాడు.

ఆ పండక్కి చారులత మదురైలో పుట్టింట్లో ఉంది. మొగుడి వంక చూసింది. అతను నేల చూస్తూ, ఆడిటర్‌కు అర్థం కాకుండా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో గొణిగాడు.

"అమ్మ దాన్ని పూజలో పెట్టింది. షెడ్డులో సీసీ కెమెరాలు నిలిచిపోతాయని, పెట్టె లేకుండా నేనే ఇంటర్నెట్ వైరు నేరుగా తగిలిస్తిని. పెట్టె పాడైందని చెప్పేయ్, చారూ."

పండగనాడు స్పానర్ల నుంచి కత్తెర దాకా ప్రతి పనిముట్టూ తుడిచి, గంధం కుంకుమ పెట్టి, అమ్మవారి ముందుంచుతారు. మర్నాడు మళ్లీ పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టరు. పెట్టెనూ అలాగే కూర్చోబెట్టారన్నమాట.

చెప్పినదంతా నిజమని చివర సంతకం పెట్టాల్సింది చారులతే. నిజం చెబితే వర్క్‌షాపుకు పని పోతుంది. అబద్ధమాడటానికైనా కాస్త ఓపిక కావాలి, ఆమెకు అదీ మిగల్లేదు. నోరు తెరవబోతుండగా అత్తగారు పొన్నమ్మాళ్ కాఫీ తెచ్చింది. కొడుకు గొణుగుడు గుమ్మంలోనే విన్నట్టుంది. ఆ పెట్టెను తీసింది తనేనని, అన్నిటికీ పూజ చేసి, కాపలా కాసేదాన్ని వదిలేస్తే బాగుంటుందా అని బాలాజితో తమిళంలో చెప్పేసింది.

ఆయన కాఫీ తాగాడు, విన్నది రాసుకున్నాడు. ఈసారికి పాస్ కాలేదని, సరిచేసుకుని మళ్లీ పిలవమని, అప్పటిదాకా కొత్త డ్రాయింగులు రావని చెప్పి లేచాడు.

శరత్‌కుమార్ షెడ్డు వైపు జారుకున్నాడు. చారులతకు ఇప్పుడొచ్చింది కోపం.

"నన్ను ఒక మాట అడిగింటే ఏమత్తా?"

పొన్నమ్మాళ్ గ్లాసులు తీస్తూ ఆగింది. నడుముకు దోపుకున్న తాళాలగుత్తి సర్దుకుంది.

"నాగమ్మాళ్‌ని గూడా కూర్చోబెట్టి చెప్పినావు. ఆ పెట్టె ఉండే రూముతో సహా అన్ని తాళాలూ నా దగ్గరే ఉండాయి. నన్ను మాత్రం పిలవలేదే, అమ్మాయీ."

చారులత ఆమెను పిలవడం మరిచిపోలేదు. పెద్దావిడకేం అర్థమవుతుందిలే అనుకుని తనే వదిలేసింది.