జేబులో ఎర్రగుడ్డ

అనుమానం మేస్త్రీ పేరెత్తితే బళ్లు బాగుచేసే షెడ్డులో అందరికీ నవ్వే. బిగించిన నట్టునే మళ్లీ బిగించి, ఇంటికెళ్లబోతూ వెనక్కొచ్చి ఇంకోసారి తడిమి చూసే రకం. అలాంటి మనిషి ఆ ఉదయం చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యిపెట్టి ఎర్రగుడ్డ పైకి తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు.

ఆ గుడ్డ ఉండాల్సింది జేబులో కాదు, అక్క లారీలో, స్టీరింగ్ రాడ్డు మీద.

అరవై ఏళ్లనాటి ఆ పాత లారీని అక్కాతమ్ముళ్లిద్దరూ రెండేళ్లుగా ముద్దుగా కొత్తదానిలా తయారుచేసుకుంటున్నారు. సీటు కిందికి దించారు కాబట్టి స్టీరింగునీ దించాలి. అందుకని రాడ్డుని మధ్యకు కోసి, కొత్త ముక్క అతకాల్సొచ్చింది. వంపు కుదిరిందో లేదో చూద్దామని నిన్న నాలుగంటే నాలుగే వెల్డింగ్ చుక్కలు పెట్టాడు. పని పూర్తికాలేదని గుర్తుగా ఎర్రగుడ్డ కట్టాడు. గుడ్డ ఉన్న బండిని ఎవరూ కదపకూడదు, అది షెడ్డు కట్టుబాటు. ఈలోగా అక్క ఫొటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది.

"ఇంత అందమైన బండికి ఆ మసిగుడ్డేంట్రా? తియ్యి ముందు!"

తీసి జేబులో కుక్కుకున్నాడు. ఫొటోల సందడి అయ్యాక మళ్లీ కట్టాలన్న సంగతే మరిచి ఇంటికి పోయాడు. ఊరందరి పనినీ అనుమానించేవాడికి తన పని మీద అనుమానం రాలేదు చూడండి! తెల్లారి అక్క చూసింది. గుడ్డ లేదు, తమ్ముడు మళ్లీ కట్టలేదంటే రాత్రే పని అయిపోయిందన్నమాట. పాత బళ్ల ప్రదర్శనకు లారీ తోలుకుపోయింది. వెళ్లి పది నిమిషాలైంది.

పైప్రాణాలు పైనే పోయాయి మేస్త్రీకి. ఫోన్ తీసి నంబరు నొక్కబోయి, వేలు వెనక్కి లాక్కున్నాడు. నడుపుతూ మాట్లాడే మనిషి కాదు అక్క. ఫోన్ మోగిందంటే బండి పక్కకు తిప్పి ఆపి, అప్పుడు "ఊఁ, చెప్పరా" అంటుంది. ఆ అలవాటుని ఎన్నిసార్లు మెచ్చుకున్నాడో! ఇవాళ అలా తిప్పిందా, అతుకు పుటుక్కుమంటుంది. రోడ్డు పక్కనే కాలువ.

గుడ్డ చేతిలో పట్టుకునే స్కూటర్ ఎక్కాడు. కాలువగట్టు రోడ్డు వంతెన దాకా తిన్నగానే ఉంటుంది. వంతెన దగ్గర మలుపు. షెడ్డు గేటు మలుపుకే ఆ నాలుగు చుక్కల్లో రెండు ఊడిపోయి ఉంటాయి. "తిప్పకు అక్కా, తిప్పకు" అని గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఆకుపచ్చ లారీ కనబడింది. హారన్ కొట్టడానికీ భయమే, దారిస్తానని పక్కకు జరుగుతుందేమో! హారన్ లేకుండానే దాటుకుపోయాడు. వంతెన ఇంకా కొంత దూరం ఉందనగా స్కూటర్ని గట్టు మీద పడేసి, రోడ్డు నడిమధ్యకు పరుగెత్తాడు.

మనిషి అడ్డంగా నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు? తప్పించబోయి పక్కకు తిప్పుతారు. అది అతనికీ తెలుసు. కానీ షెడ్డులో, బండి కింద దూరి పనిచేసుకునే గుంత ఒకటుంది. అక్క ఏ బండినైనా దానిమీదికి ఎక్కిస్తుంటే ఎదురుగా నిలబడి దారి చూపేది ఇతనే. రెండు అరచేతులూ ఎత్తాడంటే, వెంట్రుకవాసి తిప్పకుండా బ్రేకు తొక్కాలి. తిప్పితే చక్రం గుంతలో పడుతుంది. ఇరవై ఏళ్లలో అక్క ఒక్కసారీ తప్పలేదు.

ఇది షెడ్డు కాదు. గుర్తొస్తుందా?

రెండు చేతులూ ఎత్తాడు. కళ్లు మూసుకుందామనుకున్నాడు గానీ, గుంత దగ్గర ఎన్నడూ మూసుకోలేదు కదా, తెరుచుకునే ఉన్నాడు. బ్రేకులు కీచుమన్నాయి. లారీ తిన్నగా, అంగుళం పక్కకు పోకుండా జారుకుంటూ వచ్చి, అతని చొక్కా గుండీలకు ఆనుకుని ఆగింది.

అక్క లారీలోంచి కిందికి దూకింది. "బుద్ధుందట్రా నీకు? చచ్చేవాడివి కదరా! ఫోన్ చేసి ఏడవచ్చుగా!"

"చేస్తే పక్కకి తీస్తావు కదక్కా."

పైకెత్తిన చేతిలో ఎర్రగుడ్డ చూసింది. ముఖం పాలిపోయింది. మెట్టెక్కి, కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగ్ తిప్పింది. లోపల టక్కుమంది. ఆ తర్వాత స్టీరింగ్ గిర్రున తిరిగింది, ముందు టైర్లు మాత్రం కదల్లేదు.

ఆమె ఆ మెట్టు మీదే కూలబడింది. "చేతులు దించరా" అంది.

దించలేకపోయాడు. అక్కే లేచి వచ్చి, ఒక్కో చెయ్యీ పట్టుకుని కిందికి దించింది.