వంకలు పెట్టేవాళ్ళకే మొదటి గ్లాసు

నా ట్యాంకు నోరు మూసుకుంది.

నిన్నటిదాకా దాని గోల అంతా ఇంతా కాదు. ద్రాక్షరసం పులుస్తుంటే లోపల సన్నగా వాన పడుతున్నట్టు చప్పుడు వచ్చేది. పైకి తేలిన తొక్కల్ని కర్రతో కిందికి నొక్కితే బుస్సుమని నురగ పొంగేది. పొద్దున్నే సెల్లార్‌లోకి దిగి, మూత తీసి చెవి పెడితే ఏమీ లేదు. ఒక చెంచా తీసి నాలుక మీద వేసుకున్నాను. తీపి! చక్కెర ఇంకా చాలా మిగిలి ఉండగానే పులియడం ఆగిపోయింది.

అది నా మొదటి వైన్. అమ్మ ఈ ఏడే ఒక ట్యాంకు నా చేతికిచ్చింది, వాలు మీది పాత తీగల పండంతా నాదే అంది. గ్లాసు వెనక వేలు పెడితే కనబడనంత చిక్కటి ఎర్ర వైన్ చేసి చూపిస్తానని నేను గొప్పలు పోయాను. అందరూ కోసేసినా నేను మాత్రం పండుని తీగల మీదే వదిలేశాను, ఇంకా తీపెక్కనీ అని. ఆ తీపంతా తినలేక, రసాన్ని పులియబెట్టే ఈస్ట్ చేతులెత్తేసింది.

అమ్మ వచ్చి రుచి చూసింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

"సాయంత్రందాకా చూద్దాం. కదలకపోతే వెనిగర్ చేసేవాడికి ఫోన్ చేస్తా."

"నా వైన్‌ని వెనిగర్ వాడికా!"

"పూర్తిగా పాడైతే వాడు కూడా వద్దంటాడే."

నాన్న ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మోసుకొచ్చి ట్యాంకు చుట్టూ కట్టాడు. పాకెట్ ఈస్ట్ గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పోశాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నేను దుప్పట్ల మీద తల ఆనించి నిలబడ్డాను. అప్పుడు వినిపించింది, గోడ అవతలి నుంచి. బుడబుడమని, ఒకటే ఉత్సాహంగా.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఈ తోటా సెల్లారూ మా అమ్మమ్మవి. ఆవిడ పెట్టిన పద్ధతి ఒకటుంది. కొత్త వైన్ మొదటి గ్లాసు, దానికి అందరికంటే ఎక్కువ వంకలు పెట్టగల మనిషికి ఇవ్వాలి. అమ్మమ్మ పోయాక అమ్మ తన మొదటి గ్లాసు పెద్దమ్మకి ఇచ్చేది, పెద్దమ్మ తనది అమ్మకి. ఒకసారి, కొనడానికి వచ్చినవాళ్ళంతా చూస్తుండగా, పెద్దమ్మ ఒక్క గుక్క తాగి "దగ్గు మందు" అంది. వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. నెల తిరక్కుండా తోట రెండయింది, సెల్లార్ మధ్య ఇటుక గోడ లేచింది. అప్పటి నుంచి అమ్మ మొదటి గ్లాసు నాన్నకి ఇస్తోంది. మా నాన్న మాడిన కూర పెట్టినా "బ్రహ్మాండం" అనే రకం. గోడకి అటు మా పెదనాన్నదీ అదే వరస.

ఖాళీ బకెట్ ఒకటి తీసుకుని మెట్లెక్కాను.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"గోడ అవతలికి."

"నువ్వు ఆ గుమ్మం తొక్కావంటే..."

తొక్కితే ఏమవుతుందో ఆవిడకీ తెలిసినట్టు లేదు. నేను ఆగలేదు.

పెద్దమ్మ రబ్బరు బూట్లేసుకుని, తన ట్యాంకు పక్కన బల్లెక్కి తొక్కల్ని నొక్కుతోంది. నన్ను చూసి కర్ర ఆపింది. విషయం చెప్పి, "ఒక్క బకెట్ పులిసేది ఇవ్వు పెద్దమ్మా, తీసుకెళ్ళి నాదాంట్లో పోసుకుంటా" అన్నాను.

"నీ తలకాయ! బతికున్నదాన్ని తీసుకెళ్ళి అంత తీపిలో ముంచితే అదీ చస్తుంది. నీదే తెచ్చి నాదాంట్లో పొయ్యాలి. కొంచెం పోసి, అది తినేదాకా ఆగాలి. తిన్నాక మళ్ళీ ఇంకొంచెం. అలా మొత్తం ఇటు రావాలి. వంటింటి గోడ పక్కన ఖాళీ ట్యాంకుంది, వెచ్చగా ఉంటుంది."

"కలిశాక మళ్ళీ విడదీయలేం కదా?"

"వైన్‌ని విడదీసే మొనగాడు ఇంకా పుట్టలేదు."

నేను వెనక్కి పరిగెత్తి చెప్పేసరికి అమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఛస్తే కుదరదు! నా తోట పండు ఆవిడ ట్యాంకులోనా? చెప్పవే, మీ పెద్దమ్మకి, అంత గతిలేక ఎవరూ లేరని!"

గోడ పైన, పాత గొట్టం పోయిన కంతలోంచి పెద్దమ్మ గొంతు వచ్చింది. "చెప్పవే, మీ అమ్మకి, నాకు చెవుడు లేదని!"

"చెప్పవే..." అని అమ్మ మళ్ళీ మొదలెట్టింది.

"మీ ఇద్దరి సంగతీ తర్వాత!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది నా వైన్! మీరు వాదించుకుంటుంటే చచ్చిపోతోంది!"

అమ్మ దుప్పట్లు చుట్టుకున్న నా ట్యాంకు వైపు చూసింది. చరచరా వెళ్ళి నిచ్చెన తెచ్చి గోడకి వేసింది. పొడుగాటి పైపు చేత్తో పట్టుకుని ఎక్కి, దాని కొస కంతలో దూర్చింది.

"పట్టుకో" అంది. ఎవర్నంటోందో చెప్పలేదు. అవతలి నుంచి ఎవరో పైపు లాక్కున్నారు.

ఇక చూడండి హడావుడి! నాన్న పంపు దగ్గర, అమ్మ నిచ్చెన మీద, నేనూ పెద్దమ్మా అవతల ఒక ఖాళీ తొట్టి ముందు. పెద్దమ్మ పులిసే బకెట్ ఒకటి తొట్టిలో పోసింది. "వదలండి!" అంటే నా వైన్ వచ్చిపడింది. "ఆపండి!" అని, ఇద్దరం తొట్టి మీదికి వంగి కూర్చున్నాం. ఒక బుడగ వచ్చింది. పక్కనే ఇంకోటి. అంతలో అంచు చుట్టూ గులాబీ రంగు నురగ!

"తింటోంది! అమ్మా, తింటోంది!"

"నిజంగానా? అరె, ఇంకాస్త వదలనా?" కంతలోంచి అమ్మ గొంతు, నాకంటే ఆత్రంగా.

"తొందరపడకే, దానికి పొరబోతుంది!" అని కసిరింది పెద్దమ్మ. ఈసారి 'చెప్పవే' అనలేదు. నేను గమనించాను కానీ పైకి అనలేదు.

సాయంత్రానికి తొట్టి చాలక ఖాళీ ట్యాంకులోకి మార్చాం. అమ్మ ఫోన్ జేబులోనే ఉండిపోయింది. మర్నాడు కూడా అదే పని, పోయడం, ఆగడం, అరవడం. చివరి చుక్క ఇటు వచ్చేసరికి ఆ ట్యాంకు చేసే గోలకి పక్కనున్న మనిషి మాట వినబడలేదు. నేను గంతులేశాను, సిగ్గుపడను చెప్పడానికి.

తీపంతా తిని అది శాంతించాక, తొక్కలు పిండి, తేర్చిన రోజున అందరం పెద్దమ్మ వైపు చేరాం. అమ్మ గుమ్మంలోనే ఆగింది, ఒక కాలు బయటే ఉంచుకుని. నేను కుళాయి తిప్పాను. గ్లాసు వెనక వేలు పెట్టి చూశాను. వేలు కనబడలేదు! ఎగిరి దూకాలనిపించింది.

నాన్న అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. ఆయన్ని దాటి, అమ్మని కూడా చూడకుండా, గ్లాసు పెద్దమ్మకి ఇచ్చాను.

ఆవిడ వాసన చూసింది. నోట్లో పుక్కిలించి మింగింది.

"పండు మరీ ఆలస్యంగా కోశావు. గొంతు దిగేటప్పుడు మండుతోంది. వచ్చే ఏడు ముందే కొయ్యి."

"ఒక్క మంచి ముక్క రాదా నీ నోట్లోంచి!" అమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చేసింది. "పిల్ల అంత కష్టపడితే!"

"మంచి ముక్కలకి మీ ఆయన ఉన్నాడుగా."

"బ్రహ్మాండం" అన్నాడు నాన్న. ఆయన ఇంకా తాగనే లేదు.

అమ్మ గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నాను. గోడ అవతల కుళాయి చప్పుడైంది. అమ్మ రొప్పుతూ తిరిగొచ్చింది, చేతిలో తన ట్యాంకు వైన్, సగం ముంజేతి మీదే ఒలికింది. గ్లాసు పెద్దమ్మ ముందు పెట్టింది.

"ఊఁ. తాగు."

పెద్దమ్మ తాగింది. అమ్మ మొహంలోకి చూసింది.

"చెప్పమంటావా?"

"అందుకేగా తెచ్చింది."

"దగ్గు మందు."

నేను ఇద్దరి మధ్యకీ వెళ్ళబోయాను.

"నాకు తెలుసు" అంది అమ్మ. "ఇన్నేళ్ళూ తెలుసు. ఎలా బాగుచెయ్యాలో అడుగుదామంటే చెప్పే మనిషి లేకపోయింది అక్కా."

పెద్దమ్మ ఆ గ్లాసు పక్కన పెట్టి, తన ట్యాంకు కుళాయి తిప్పి ఇంకో గ్లాసు నింపింది. అమ్మ చేతికిచ్చింది.

"ఇక నాది తిట్టు" అంది.