అన్నం ముందర చెప్పే పేర్లు

దేవసహాయం ఆర్టీసీ డ్రైవరు. పొద్దున్నే మదనపల్లె డిపోలో కుప్పం బండి తీస్తే పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా మధ్యాహ్నానికి కుప్పం చేర్చి, అక్కడ క్యారియరు విప్పి నాలుగు మెతుకులు తిని, దీపాలు పెట్టే వేళకు మళ్లీ ఇల్లు పట్టుకుంటాడు. ఇల్లు చర్చి వెనక వీధిలో. కాళ్లు కడుక్కుని, లుంగీ కట్టుకుని చాప మీద కూర్చున్నాడంటే ఇక ప్రార్థనే. అది పూర్తయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ కంచంలో చెయ్యి పెట్టరు.

ఆ ప్రార్థన ఒక పట్టాన తెమలదు. బండిని ఎంత టైముకు నడుపుతాడో, ప్రార్థనను అంత తీరిగ్గా నడుపుతాడు. ప్రతి స్టేజీలోనూ ఆపి, చుట్టాలనూ పక్కాలనూ పేరుపేరునా ఎక్కించుకుంటాడు. డిగ్రీ చదివే కూతురు కీర్తన ఒక కన్ను తెరిచి, "నాయిన బండి ఇంకా పలమనేరు దాటలే" అని గొణిగితే, భార్య సుగుణ తన కళ్లు తెరవకుండానే ఆ పిల్ల తొడ మీద గిల్లేది.

ఇంత పొడుగు ప్రార్థనను ఎవరూ తప్పు పట్టకపోవడానికి కారణం ఉంది. అన్నం ముందర దేవసహాయం ఎవరి పేరు చెబితే వాళ్లకు, ఎక్కడున్నా సరే, ఆ పూట ఆ ఇంటి కూర వాసన తగిలేది. పుంగనూరులో ఉండే ఆయన అక్క రూతమ్మ ఒంటరి మనిషి. చాలా పూటలు పెరుగన్నం కలుపుకుని తమ్ముడి ప్రార్థన కోసం కాచుకునేది. వాసన రాగానే, ఆహా, ఈ పూట వంకాయ పులుసు అనుకుని ఇష్టంగా తినేది. చర్చి అయ్యగారైతే శనివారం సాయంత్రం ఎదురుపడినప్పుడల్లా, రేపు మధ్యాహ్నం తన కోసం మరిచిపోకుండా ప్రార్థించమని కోరేవారు. ఆదివారం ఆ ఇంట్లో కోడికూర వండుతారని ఊరికంతా తెలుసు. కండక్టరు వెంకటముని ఏటా తిరుమలకు నడిచిపోయే భక్తుడు. వాళ్లమ్మను తిరుపతి ఆసుపత్రిలో చేర్చినప్పుడు దిగులుతో రెండు పూటలు పస్తున్నాడు. వరండాలో కూర్చున్న మనిషికి ఉన్నట్టుండి అలసంద వడల వాసన కొట్టింది. లేచిపోయి క్యాంటీన్లో తిన్నాడు. ఆ తరువాత డిపోలో ఆ మాట చెప్పినప్పుడు, వడల్లో అల్లం వేస్తారా వేయరా అని అడిగారే తప్ప ఇంకేమీ అడగలేదు.

అయితే పాలిచ్చే ఆవు ఒక తన్ను కూడా తన్నుతుంది. దేవసహాయానికి మనిషి ముఖం చూసి మందలించడం చేతకాదు. అలాంటి మాటలన్నీ దాచిపెట్టి, కళ్లు మూసుకున్నాక దేవుడితో చెప్పేవాడు. ప్రార్థన మధ్యలో ఎవరూ ఎదురు చెప్పలేరు గదా. సుగుణ కొత్త చీర తెచ్చుకున్న రోజు, ఈ ఇంటి ఇల్లాలికి ఉన్నదానితో తృప్తిపడే మనసు దయచేయుమని గట్టిగా వేడుకున్నాడు. సుగుణ అంతకంటే గట్టిగా ఆమెన్ చెప్పి, ఆదివారం అదే చీర కట్టుకుని చర్చికి పోయింది. ఆమెకు ఆయన సంగతి తెలుసు. కొడుకు కిరణ్‌కూ తెలుసు గానీ, వాడికి ఆమెకున్న ఓర్పు లేదు.

కిరణ్ మదనపల్లె దగ్గర అంగళ్లులో ఇంజనీరింగ్ చదివేవాడు. స్నేహితుడి అన్న పెండ్లికని కుప్పం పోయినవాడు, అక్కడ వంట చేయడానికి వచ్చిన గోవిందప్ప అనే పెద్దాయన పక్కన నిలబడి మూడు పూటలూ కూరలు తిప్పాడు. గోవిందప్పకు కుప్పంలో రైల్వేస్టేషను దగ్గర చిన్న మెస్సు ఉంది. పెండ్లి ముగిసినా వాడు కాలేజీకి తిరిగిరాలేదు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, తనకు ఆ చదువు తలకెక్కడం లేదని, వంట పనిలోనే మనసుందని, గోవిందప్ప దగ్గర చేరిపోయానని నిలబడే చెప్పాడు. దేవసహాయం వాడితో ఒక్క మాట అనలేదు. చాప పరుచుకుని కూర్చుని, "ప్రభువా, మేము కడుపు కట్టుకుని చదివిస్తే వీడు నలుగురి ఎంగిలాకులు ఎత్తే పనికి పోయినాడు. వీడి కళ్లు తెరువుము తండ్రీ" అని మొదలుపెట్టాడు.

కిరణ్ నిజంగానే కళ్లు తెరిచాడు. ప్రార్థన ఇంకా సాగుతుండగానే లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆమెన్ కాకముందే మనిషి లేవడం ఆ ఇంట్లో అంతవరకూ జరగలేదు. మరుసటి పూట నుంచి దేవసహాయం పేర్ల వరసలో కొడుకు పేరు లేదు.

వానలు పోయి చలి వచ్చింది. అనపకాయలు బాగా దిగాయి. తల్లీకూతుళ్లు నానబెట్టిన గింజల్ని వేళ్ల మధ్య పితికి పప్పు తీస్తున్నారు. పితికిపప్పంటే కిరణ్‌కు ప్రాణం. దేవసహాయం వార్తలు చూస్తున్నట్టు టీవీ ముందు కూర్చున్నాడు. సుగుణ అప్పుడు కదిపింది. గోవిందప్పకు వయసు మీదపడి కలకడలో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నాడట. మెస్సును కిరణ్ చేతికే ఇస్తానంటున్నాడట. కానీ ఆయనదొక పట్టుదల. తన గురువూ తనకు అట్లాగే ఇచ్చాడట. పిల్లవాణ్ణి కన్నవాళ్లు, అందులోనూ తండ్రి, వచ్చి ఆకు ముందర కూర్చుని, ఒక పూట తిని, బాగుందని నోరారా అంటేనే పొయ్యి అప్పగిస్తాడట. కన్నవాళ్ల మనసు చేదుగా ఉన్న చోట పొయ్యి నిలవదని ఆయన నమ్మకం. అది కాకపోతే దుబాయిలో పనికి పంపే ఏజెంటుకు కిరణ్ ఆదివారం లోపల మాట చెప్పాలి. ఒకసారి పోతే మళ్లీ ఎన్నేండ్లకో.

"మా బండి కుప్పంలో నిలబడేది కొంచెంసేపు. హోటళ్లలో కూసునే టైము నాకు యాడిది?" అన్నాడు దేవసహాయం.

ఆ కొంచెంసేపట్లో ఆయన క్యారియరు తిని, సీట్లో వెనక్కి వాలి గురకపెట్టి ఒక నిద్ర తీస్తాడని, మెస్సు బస్టాండుకు రెండు వీధుల అవతలే ఉందని సుగుణకు తెలుసు. అయినా వాదించలేదు. "పోకపోతే పోవద్దు. అన్నం ముందర వాడి పేరన్నా చెప్పు. పప్పు వాసనన్నా వాడికి పోనీ" అంది.

ఆ పూట దేవసహాయం చెప్పాడు. అందరి పేర్లూ అయ్యాక, గొంతు సవరించుకుని, "కిరణ్‌కు మంచిచెడ్డలు తెలిసే జ్ఞానము దయచేయుము" అన్నాడు. అన్నం తినీ తినకముందే సుగుణ ఫోను చేసి స్పీకర్లో పెట్టింది. ఏమన్నా తగిలిందా అని అడిగితే, లేదుమా, ఏం వండినారు అని అడిగాడు కిరణ్. మరునాడు కూడా అంతే. ఆ పూట ఇంకాస్త పెద్ద గొంతుతో, పెద్దల మాట వినే విధేయత దయచేయుమన్నాడు. కుప్పానికి ఏ వాసనా పోలేదు.

దేవసహాయం కంచం పక్కకు నెట్టాడు. ఆ వరం తన నోట్లోనే ఉందని, తాళంచెవి తిప్పితే బండి కదిలినట్టు పేరు చెబితే కదులుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాడు. దేవుడు తన మాట వినడం మానేశాడేమోనని భయం పట్టుకుంది. ఉండబట్టలేక పుంగనూరుకు ఫోను చేశాడు. రూతమ్మకు పితికిపప్పు వాసన బ్రహ్మాండంగా వచ్చిందట, ఇంకో పిడికెడు బియ్యం ఎక్కువ వండుకుందట. అంటే రానిది కొడుక్కి మాత్రమే. అది తెలిశాక భయం ఇంకా పెరిగింది.

కంచాలు తీస్తూ సుగుణ అంది, "నువ్వు వాణ్ణి పిలవలే. వాడి తప్పును పిలిచినావు. తప్పుకు ఆకలెయ్యదు గదా."

ఆ మాట నిజమని ఆయనకు వెంటనే తెలిసింది. తెలిసినంత మాత్రాన మెడ వంగుతుందా? వాడు వచ్చి తప్పయిందంటే అప్పుడు చూద్దామనుకుని పడుకున్నాడు.

శనివారం వచ్చింది. సుగుణ ఎప్పటిలాగే క్యారియరు కట్టి ఇచ్చింది. పుంగనూరు బస్టాండులో రూతమ్మ కాచుకుని ఉంది. కిటికీలోంచి ఆయన చేతికి రెండు జామకాయలు అందించి, పిల్లోడికియ్యి అంది. కాయలను పక్కన పెట్టుకుని గేరు మార్చాడు. బండి పలమనేరు దాటింది, వి.కోట దాటింది. రోడ్డుకు రెండు పక్కలా టమాటా తోటలు, మల్బరీ తోటలు. ఆ దగ్గరలో ఊరు గానీ హోటలు గానీ లేదు.

అక్కడ తగిలింది వాసన.

మొదట రాగి సంగటి ఆవిరి. వెనకే పితికిపప్పు. సుగుణ చేసే పప్పే, అదే తాలింపు, అదే కొబ్బరి. అయితే అందులో సోంపు ఉంది. సుగుణ ఎప్పుడూ సోంపు వేయదు. కుప్పం వైపు, అరవ వాసన తగిలిన వంటల్లో వేస్తారు. తల్లి దగ్గర నేర్చుకుని కుప్పంలో చెయ్యి తిరిగిన మనిషి ఆయనకు తెలిసి ఒక్కడే.

"మునీ, నీకేమన్నా వాసన వస్తాండాదా?" అని అడిగాడు.

వెంకటముని గాలి పీల్చి, డీజిలు వాసన తప్ప ఏమీ లేదన్నాడు. డ్రైవరు ముఖం చూసి, "నీకు వస్తాండాదంటే ఎవురో నీ పేరు చెప్పినట్టుండారప్పా" అని, టిక్కెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయాడు.

దేవసహాయం బండి వేగం తగ్గించాడు. ఇన్నేండ్లుగా ఊరందరి పేర్లూ ఆయన చెప్పాడు గానీ, ప్రార్థించేవాడి పేరు ఎవరు చెబుతారు? ఇంట్లో ఆ పని ఇంకెవరికీ వదలలేదు. అందుకే ఆ వాసన తగలడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. అది ముక్కుకు తగిలి ఆగదు. వెచ్చగా గుండెలోకి దిగి, నువ్వు గుర్తున్నావని చెబుతుంది. నువ్విలా ఉండాలి, అలా ఉండకూడదు అని ఒక్క మాటైనా అనదు. ఇంత మంచిదాన్ని ఇన్ని నెలలు బిడ్డకు అందకుండా చేశానని ఆయనకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే నడిపాడు. వెనక సీట్లో ఒకాయన, రైలు తప్పిపోతుంది, కొంచెం తొక్కప్పా అన్నాడు. దేవసహాయం తొక్కాడు.

కుప్పంలో జనం దిగాక ఆయన క్యారియరు ముట్టుకోలేదు. జామకాయలు జేబుల్లో వేసుకుని దిగాడు. వెంకటముని కూడా వెంట నడిచాడు.

మెస్సు ముందర కాకీ చొక్కాను చూడగానే గోవిందప్ప కుర్చీలోంచి లేచాడు. ముక్కూ నోరూ చూస్తే చాలు, ఎవరో తెలిసిపోతుంది. రాప్పా అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆకు ముందర కూర్చోబెట్టాడు. లోపలినుంచి గరిటెతో వచ్చిన కిరణ్ తండ్రిని చూసి అట్లాగే నిలబడిపోయాడు. చిక్కలేదు, కొంచెం నలుపెక్కాడు, చేతి మీద ఒక కాలిన మచ్చ.

"నా పేరు ఎప్పటినించి చెప్తాండావు?" అని అడిగాడు దేవసహాయం.

"దినామూ చెప్తాండా నాయినా."

"మరి ఈ పొద్దే యాల తగిలె?"

కిరణ్ తల దించుకున్నాడు. "ఇన్ని దినాలూ, మా నాయిన మొండితనం తీసెయ్యి ప్రభువా అని చెప్తాంటి. ఈ పొద్దు ఆఖరి పొద్దు గదా, ఏమీ అడగబుద్ధి కాలే. ఊరికే నాయిన అన్నా. అంతే."

దేవసహాయానికి నవ్వొచ్చింది. నవ్వు ఆగేసరికి కళ్లనీళ్లు కూడా వచ్చాయి. చదువు రాకపోయినా, ప్రార్థనలో మందలించే ఈ విద్య మాత్రం వాడు తన దగ్గరే, పొల్లుపోకుండా నేర్చాడు. ముక్కు ఎవరిదో కాదు, నోరూ ఎవరిదో కాదు. ఆయన జామకాయలు తీసి, మీ అత్త ఇచ్చిందని కొడుకు చేతిలో పెట్టాడు. కిరణ్ ముద్ద పెట్టి, పప్పు పోసి, ఆకు పక్కనే నిలబడ్డాడు.

దేవసహాయం కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రార్థన పొడుగు ఎరిగిన వెంకటముని గడియారం చూసుకుని నిట్టూర్చాడు. "ప్రభువా, కిరణ్" అన్నాడు దేవసహాయం. ఆ తరువాత ఏమనాలో ఎంత వెతికినా దొరకలేదు. ఆమెన్ అని ముద్ద తుంచాడు.

ఆయన తింటున్నంతసేపూ గోవిందప్ప ఎదురుగా కూర్చుని చూశాడు. రెండో ముద్ద కూడా అడిగి పెట్టించుకున్నాక, ఎట్లుండాదప్పా అని అడిగాడు.

దేవసహాయం కళ్లు మూసుకోలేదు. కొడుకు ముఖంలోకి చూసి చెప్పాడు, "బాగుండాది. మీ యమ్మ చేసిందానికన్నా బాగుండాది."

గోవిందప్ప మొలతాడుకున్న తాళంచెవులు విప్పి కిరణ్ ముందర బల్ల మీద పెట్టాడు. అప్పుడే కిరణ్ ఫోను మోగింది. దుబాయి ఏజెంటు. అవతలి మనిషి తొందరపెడుతున్నట్టున్నాడు, వాడు రెండుసార్లు ఊఁ కొట్టి, చెయ్యి తుడుచుకుని, తండ్రి ఆకులో ఇంకో గరిటెడు పప్పు పోస్తూ నిదానంగా చెప్పాడు.

"నేను రాలేనన్నా. మా నాయిన అన్నానికొచ్చినాడు."