జర్మను మోటారుకు ఇంగ్లీషు మాట

సుగుణమణికి జర్మను వచ్చు. అనంతపురంలో ఈ మాట చెబితే ముందు నవ్వేవాళ్లు, తర్వాత "యాడ నేర్చుకుంటివమ్మా?" అని అడిగేవాళ్లు. నెల్లూరు వైపు ఒక జర్మను మిషను ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసింది. అక్కడి పెద్ద నర్సమ్మ జర్మనులోనే తిట్టేది. తిట్లు తెలియకపోతే తిరిగి జవాబు చెప్పలేం కదా, అందుకని నేర్చుకుంది.

ఆ జర్మను పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో ఆమెకు అక్కరకొచ్చేలా ఉంది. సోమప్ప పంపుసెట్ల అంగడికి ఒక జర్మను కంపెనీ కొత్త డీజిలు మోటారును పంపింది. దానితోపాటు వచ్చిన ప్రకటన పుస్తకం మొత్తం జర్మనే. దాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చాలి, ఆ ఇంగ్లీషును చూసి ఏ సీమ డీలర్లు ఆ సీమ భాషలో రైతులకు చెప్పుకోవాలి. సోమప్ప పట్టుబట్టి సుగుణమణి పేరు చెప్పాడు. ఆమె ఇంగ్లీషు నచ్చితే కంపెనీ రాతపనంతా ఇక ఆమెదే. నచ్చకపోతే బొంబాయిలో ప్రకటనలు రాసేవాళ్లకు పోతుంది, ఆమె మళ్లీ మిషను బడిలో పిల్లలకు కుట్టుపని నేర్పాలి. సూదీ దారం మీద ఆమెకు కోపమేమీ లేదు. కానీ రెండు భాషలు మింగి కూర్చున్న మనిషి కాజాలు కుడుతూ బతకాలంటే కడుపు మండదా?

పుస్తకమంతా పూర్తయింది. అట్టమీది ఒక్క మాట దగ్గర బండి ఆగింది. 'ఉన్‌ఫెర్వ్యూస్ట్‌లిష్' అట! పలికితే పళ్లు కదిలే ఆ మాట కడుపులో ఎడారి అనే మాట దాగి ఉంది. ఎంత పాడుచేసినా ఎడారి కానిది, ఎన్ని దెబ్బలు తగిలినా నిలిచేది అని భావం.

మొదట 'ఇండిస్ట్రక్టిబుల్' అని రాసింది. సోమప్ప మురిసిపోయి, దాన్ని బోర్డుమీద రాయించి, వచ్చినవాళ్లకల్లా "ఏం జేసినా పగలదు" అని చెప్పసాగాడు. గుమ్మఘట్ట నుంచి వచ్చిన తిప్పన్న ఆ మాట విన్నాడు, బయటికి పోయి ఇంత గుండ్రాయి తెచ్చి మోటారు మీద ఒక్కటేశాడు. నూనె గొట్టం ఊడి పడింది.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" అని సోమప్ప గుండె బాదుకున్నాడు.

"పగలదంటివి గదప్పా. పగుల్తాదో లేదో సూడొద్దా?" అన్నాడు తిప్పన్న, తప్పంతా రాయిదే అన్నట్టు.

రెండోసారి సుగుణమణి 'స్టబర్న్' అని రాసింది. మొండిది, కరువుకూ కష్టానికీ లొంగనిది. మన సీమకు అంతకన్నా తగిన మాట ఉందా? సోమప్ప దాన్ని తెలుగులో చెప్పగానే తిప్పన్న దాన్ని కూడా నిలవనివ్వలేదు. "మొండి మోటారా? మా ఇంట్లో మొండి ఎద్దు ఒకటి ఉండాది. కపిలె తోలి నీళ్లు లాగేటప్పుడు మొండికేసిందంటే నీళ్లు బాయిలోనే, మేము గడ్డనే. మళ్లా దుడ్లు పోసి ఇంకోటి కొనాల్నా?" అన్నాడు. అంగడిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. సుగుణమణికి ఒళ్లు మండింది. మండినా ఏం లాభం, ఆ మనిషి చెప్పింది నిజమే.

మర్నాడే బొంబాయి నుంచి కంపెనీ పెద్ద బెకర్ దొర రైలు దిగాడు. ఎండకు ముఖం టమాటా పండులా అయింది. సోమప్ప ఆయన్ను కూర్చోబెట్టి కాఫీ కోసం హోటలుకు పరుగెత్తాడు. గొట్టం బిగించింది లేనిదీ చూడటానికి వచ్చిన తిప్పన్న ఒక మూల కూర్చున్నాడు.

బెకర్ అట్ట చూశాడు. మాట ఉండాల్సిన చోట ఖాళీ ఉంది.

"ఒక్క మాట కుదరలేదా?" అని జర్మనులో అడిగాడు. "బొంబాయి వాళ్లు ఇట్టే రాసిస్తారు."

సుగుణమణి కోపం కట్ట తెంచుకుంది. "రాస్తారు. వాళ్లకు కరువు తెలుసా? మోటారు పగలదని గొప్పలు చెబితే ఇక్కడి రైతుకేం పట్టింది? అది తనకేం చేస్తుందని కదా అతనడిగేది!" అని జర్మనులోనే దులిపేసింది.

"ఏం చేస్తుందో మీరే చెప్పండి," అన్నాడు బెకర్.

ఆమె నోరు తెరిచింది. తన చిన్ననాటి కరువు చెప్పింది. నాయన పోయాడు, గొడ్లు పోయాయి, తల్లి నల్లమ్మ కరువు పనిలో కంకర కొట్టి నలుగురు పిల్లల్ని బతికించింది. "అంత కరువులో మా యమ్మ మమ్మల్ని..." అని జర్మను మాట కోసం తడుముకుంది. దొరకలేదు. తెలుగే తన్నుకొచ్చింది. "గట్టెక్కిచ్చింది!"

గట్టెక్కించడం! మోటారు నీళ్లకు చేసేదీ అదే, రైతుకు చేయాల్సిందీ అదే. ఇన్నాళ్లూ జర్మను మాటనే పట్టుకుని వేలాడింది. అవతలి గట్టున ఇంగ్లీషులో ఏముందో ఇప్పుడు తెలిసింది. కాగితం లాక్కుని రాసింది: 'ఇట్ విల్ సీ యూ త్రూ.'

బెకర్ చదివాడు. మెల్లగా మళ్లీ చదివాడు. "యుద్ధం అయిపోయాక ఒక చలికాలం మా అమ్మ కూడా మమ్మల్ని ఇలాగే..." అని ఆగాడు. తేరుకుని మళ్లీ వ్యాపారి అయ్యాడు. "నాకు నచ్చితే చాలదు. మీ డీలరు దీన్ని రైతుకు ఎలా చెబుతాడు? మీరు నోరు మెదపకూడదు."

సోమప్ప కాఫీతో వచ్చాడు. సుగుణమణి కాగితం చేతికిచ్చి, "సోమన్నా, ఇది తిప్పన్నకు తెలుగులో చెప్పు," అని మాత్రం అంది.

సోమప్ప నొసలు ముడిచాడు. సుగుణమణి మనసులోనే లెక్క వేసింది. సీ అంటే చూడటం, త్రూ అంటే లోంచి. ఈ మహానుభావుడు 'మోటారు నీలోంచి చూస్తాది' అంటే కొంప మునిగినట్టే. ప్రభువా, ఈ ఒక్కసారికి ఇతని బుర్ర వెలిగించు!

"ఓ, ఇదా!" అని సోమప్ప ఉన్నట్టుండి నవ్వాడు. "నేను ఇంటరు చదివేటప్పుడు పరీక్షల ముందు మా సారు పుస్తకం చేతికిచ్చి ఇదే మాట చెప్పినాడు. నన్నయితే గట్టెక్కిచ్చలేదు గానీ... అన్నా తిప్పన్నా, ఈ మోటారు నిన్ను గట్టెక్కిస్తాదంట."

తిప్పన్న నవ్వలేదు. లేచి వచ్చి మోటారు చుట్టూ తిరిగాడు. నిన్న రాయి విసిరిన చేతితోనే దాన్ని తడిమాడు. "అట్ల చెప్పు మరి. మా బాయి శానా లోతు. ఎన్ని అడుగుల నుంచి లాగుతాదో దొరను అడుగమ్మా."

బోర్డు పెట్టినప్పటి నుంచి కొనేవాడు అడగాల్సిన ప్రశ్న అడిగింది ఇతనొక్కడే. సుగుణమణి దాన్ని జర్మనులో గడగడా చెప్పింది. బెకర్ లోతు సంగతి చెప్పలేదు. లేచి నిలబడి టోపీ తీశాడు. రైతు లోతు అడిగాడంటే మాట చేరినట్టే, బొంబాయి వాళ్లకు వద్దని చెప్పేస్తానన్నాడు. ఇకమీద కంపెనీ ఇంగ్లీషంతా అనంతపురం నుంచే రావాలన్నాడు.

ఆమెకు కళ్లనిండా నీళ్లు, ముఖం నిండా నవ్వు. ఆ సంతోషం పట్టడానికి అంగడి చాలలేదు.

"ఏమంటాండాడమ్మా దొర? ఎన్ని అడుగులంట?" అని తిప్పన్న తొందరపెట్టాడు.

"అడుగులు ఇంకా చెప్పలేదు తిప్పన్నా," అంది సుగుణమణి కళ్లు తుడుచుకుంటూ. "ముందు నాకు పనిచ్చినాడు!"